రబ్బరు పాలలోంచి ఒక ముఖం

మా ఊరు జిగణిలో పగలంతా గ్రానైట్ కోసే రంపాల మోత. అది అణిగాక మా ఇంట్లో బీటర్ తిరుగుతుంది. గిన్నెలో ఉన్నది కేకు పిండి కాదు, రబ్బరు పాలు. బొమ్మకు ముఖం అందులోంచే రావాలి.

ముందు బంకమట్టితో ముఖం మలిచి, ప్లాస్టర్ అచ్చు తీస్తాం. రబ్బరు పాలలో సబ్బులాంటి నురగమందు, గంధకం ఉన్న మందు కలిపి గిలక్కొడితే నాలుగైదింతలు పొంగుతుంది. అప్పుడు వేగం తగ్గించాలి. పెద్ద బుడగలు చితికి, నురగ మీగడలా నునుపయ్యేదాకా ఆగగలగడమే అసలు విద్య. గడ్డకట్టించే మందు పడ్డాక ఇక నిమిషాల లెక్కే. వాన రోజుల చల్లగాలికి ఆ లెక్క కూడా మారిపోతుంది. అచ్చులో పోసి, ఓవెన్‌లో సుమారు 90 డిగ్రీల వేడిలో గంటల తరబడి ఉంచాలి. ఆ ఓవెన్‌లో మళ్లీ తిండి వండకూడదు, గది కిటికీలు మూయకూడదు.

1980లో సినిమా తెరమీదికొచ్చిన యోడా అనే బొమ్మ ముఖం ఈ నురగదే. మన నిమ్మలకుంటలో మాత్రం, 2020లో పద్మశ్రీకి ఎంపికైన తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావు గారి ఊళ్లో, తోలుకు చిల్లులు పొడిచి దీపానికి దారి ఇస్తారు. తోలుబొమ్మకు ప్రాణం వెనక వెలుతురు, నురగబొమ్మకు లోపలి వేళ్లు. రెండింటికీ నేను ఒకే గౌరవంతో దండం పెడతాను.

అచ్చు విప్పేటప్పుడు పౌడరు చల్లుతూ, అంచు చిరగకుండా మెల్లగా లాగుతాను. ముందు గడ్డం వస్తుంది, తర్వాత పెదవులు. వేలు పెట్టి కదిపితే బుగ్గమీద ముడత పడుతుంది.