ఎకోలో తేలే చిన్న తేడా

స్వల్పంగా వచ్చి కొద్దిరోజుల్లో తగ్గిపోయిన వైరల్ జ్వరం తర్వాత ఆయాసమో గుండెదడో మిగిలినవారికి వైద్యులు తరచుగా రాసే పరీక్ష 2డీ ఎకో. చెవికి వినపడని ధ్వనితరంగాలను ఛాతీలోకి పంపి, గుండె గోడలను తాకి తిరిగివచ్చే ప్రతిధ్వనులను నమోదు చేసే ఈ పద్ధతికి 1953లో స్వీడన్‌లోని లుండ్ నగరంలో వైద్యుడు ఇంగే ఎడ్లర్, భౌతికశాస్త్రవేత్త హెల్ముట్ హెర్ట్జ్ నాంది పలికారు. వారు వాడినది లోహాల్లోని లోపాలను పసిగట్టడానికి తయారైన పరికరం.

రోగులు ‘పంపింగ్’ అనేది, రిపోర్టులో ఎజెక్షన్ ఫ్రాక్షన్‌గా కనిపించేది, ఎడమ జఠరిక నిండినప్పుడు అందులో ఉన్న రక్తంలో ఒక్క స్పందనకు బయటికి వెళ్లే శాతం. 2015 నాటి అమెరికా, యూరప్ ఎకో సంఘాల సిఫార్సుల ప్రకారం ఇది పురుషుల్లో 52–72, స్త్రీలలో 54–74 మధ్య ఉంటే సాధారణం. అయితే ఒకే గుండెను ఇద్దరు కొలిచినప్పుడు అయిదారు పాయింట్ల తేడా రావడం మామూలే కనుక, 62 నుంచి 58కి దిగిన పంపింగ్‌ను చూసి వైరస్‌ను నిందించడం తొందరపాటు.

ఆ తేడా చాలావరకు పరీక్ష చేసేవారి చేతిలో పుడుతుంది. రోగిని ఎడమవైపు ఒత్తిగిల్లబెట్టి, ఊపిరి వదిలి ఆపమని చెప్పి, పక్కటెముకల సందులో ప్రోబ్‌ను గుండె కొనకు సరిగ్గా ఆనించాలి. అది కాస్త పైకి జారినా జఠరిక ఉన్నదానికన్నా పొట్టిగా కనిపించి, పంపింగ్ అసలు కన్నా మెరుగ్గా లెక్కకు వస్తుంది. చూడచక్కగా ఉన్న బొమ్మే తప్పు చెప్పడం ఈ విద్యలోని చిక్కు.

పంపింగ్‌లో బయటపడని లోపాన్ని పట్టుకోవడానికి ఇటీవల స్ట్రెయిన్ అనే కొలతను ఆశ్రయిస్తున్నారు: బొమ్మలోని సూక్ష్మమైన చుక్కలను వరుస చిత్రాల్లో వెంబడించి, గుండె కండరం నిడివిలో ఎంత శాతం కుంచించుకుందో లెక్కగట్టేది ఇదే. కుంచించుకోవడం కనుక రుణ గుర్తుతో రాస్తారు. ఆరోగ్యవంతుల్లో ఇది మైనస్ 20కి అటూఇటూగా ఉంటుంది, మైనస్ 15 అంటే తగ్గిందని అర్థం. ఈ విలువ యంత్రం తయారుచేసిన కంపెనీని బట్టి కొంత మారుతుంది, రక్తపోటు పెరిగినా తగ్గుతుంది.

స్వల్పంగా వచ్చిన వైరల్ జ్వరం గుండె పనితీరును తగ్గిస్తుందా అనే ప్రశ్నను కోవిడ్ పెద్దయెత్తున పరీక్షకు పెట్టింది. జర్మనీలోని హాంబర్గ్‌లో, ఎక్కువమంది ఆసుపత్రిలో చేరని 443 మందిని వ్యాధి సోకనివారితో పోల్చి 2022లో ప్రచురించిన అధ్యయనంలో రెండు జఠరికల పనితీరూ స్వల్పంగా తక్కువగా తేలింది. లండన్‌లో 149 మంది ఆరోగ్య సిబ్బందిని, వారిలో దాదాపు సగం మందికి స్వల్పంగా కోవిడ్ వచ్చిన ఆరు నెలల తర్వాత, ఎంఆర్‌ఐతో పరిశీలించి 2021లో ప్రచురించిన అధ్యయనంలో మాత్రం రెండు వర్గాల మధ్య తేడా కనిపించలేదు. ఈ రెండూ పరస్పర విరుద్ధాలని చెప్పడం కన్నా, గుంపు సగటులో తేలే చిన్న తగ్గుదల ఎదుట కూర్చున్న ఒక్క మనిషికి జబ్బును నిర్ధారించదని గ్రహించడం సమంజసం. లక్షణాలేవీ లేనివారికి ఆరోగ్య పరీక్షల ప్యాకేజీల పేరుతో ఎకో చేయించడం ఈ దృష్టితో చూస్తే అనుమానాలను అమ్మడమే.

ఛాతీనొప్పి, స్పృహ తప్పడం, గుండె కండరం దెబ్బతింటే రక్తంలోకి చేరే ట్రోపోనిన్ పెరగడం వంటివి ఉన్నచోట సంగతి వేరు: అక్కడ గుండె గోడ ఒకచోట మందగించిందా, గుండె చుట్టూ నీరు చేరిందా అనేవి ఎకో వెంటనే చూపగలదు, అనుమానం మిగిలితే ఎంఆర్‌ఐ కండరంలోని వాపును చూపుతుంది. మళ్లీ ఎకో తీయవలసివస్తే అదే కంపెనీ యంత్రంపై తీసి, పాత వీడియోలను పక్కన పెట్టుకుని పోల్చాలి; రోగి చేతికి మాత్రం తరచుగా అందేది అంకెలున్న కాగితమే, అందులో ఆ రోజు రక్తపోటు ఎంతో కూడా చాలాచోట్ల ఉండదు.