ఎక్కిళ్ళు ఎవరి తప్పు?

పాలు తాగిన పసిబిడ్డకి ఎక్కిళ్ళు వస్తే మన ఇళ్ళలో మొదటి ప్రశ్న బాలింతకే. ఏం తిన్నావు? పడుకుని పాలిచ్చావా? బిడ్డ శరీరంలో ఏ చిన్న కదలిక వచ్చినా దాని కారణాన్ని తల్లి శరీరంలో వెతకడం మనకి అలవాటు.

నిజానికి ఎక్కిళ్ళలో దోషులెవరూ లేరు. ఛాతీకీ పొట్టకీ మధ్యనున్న ఉదరవితానం అనే కండరం ఉన్నట్టుండి బిగుసుకుంటుంది. గాలి లోపలికి దూసుకొస్తుంటే గొంతులో స్వరతంత్రులు చటుక్కున మూసుకుంటాయి. ఆ చప్పుడే ఎక్కిలి. కడుపు నిండినా, పాలతో గాలి మింగినా రావచ్చు. పాలతో సంబంధం లేకుండా గర్భంలో ఉన్నప్పుడూ వస్తాయి. 2019లో లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు ఎక్కిళ్ళొచ్చిన 13 మంది నవజాత శిశువుల మెదడు తరంగాలను పరిశీలించారు. ఊపిరి కండరాలను అదుపు చేసుకోవడం బిడ్డ మెదడు ఇలా నేర్చుకుంటూ ఉండవచ్చని వారి ఊహ.

ఈ చిన్న విషయం చుట్టూ రెండు భాషలున్నాయి. "పేగు పెరుగుతోందిలే" అనేది అమ్మమ్మల భాష. శరీరశాస్త్రంగా అది తప్పే. కానీ ఎక్కిలిని నేరంగా కాక ఎదుగుదలగా చూసి, బాలింత గుండె మీద చెయ్యి వేస్తుంది. అలాగని దాన్నంతా నెత్తిన పెట్టుకోలేం. చక్కెర నీళ్ళు పట్టమనేదీ, తేనె నాకించమనేదీ ఆ భాషే. ఆరు నెలలదాకా తల్లిపాలు చాలు. ఏడాదిలోపు తేనె బొటులిజం అనే ప్రాణాంతక జబ్బు తేవచ్చు.

రెండోది ఆరోగ్య శీర్షికల భాష. పాలు మధ్యలో ఆపి త్రేనుపు తెప్పించాలి, కాసేపు నిటారుగా ఎత్తుకోవాలి, ఎక్కిళ్ళు తగ్గకుండా బిడ్డని ఇబ్బంది పెడుతుంటే డాక్టరుకి చూపించాలి. సలహాలు సరైనవే. కానీ ప్రతి వాక్యానికీ కర్త తల్లే. పాలివ్వడానికి ఆమె శరీరం కావాలి, నిజమే. త్రేనుపు తెప్పించడానికి ఏ భుజమైనా సరిపోతుంది కదా! తండ్రి భుజం ఆ వాక్యాల్లోకి ఎందుకు రాదు? చట్టమూ అదే వ్యాకరణం రాసింది. 2017 సవరణ మొదటి ఇద్దరు పిల్లలకు తల్లి సెలవును 26 వారాలకు పెంచింది. కేంద్ర ప్రభుత్వోద్యోగి అయిన తండ్రికి దొరికేది 15 రోజులు.

మన సాహిత్యం ఈ వ్యాకరణాన్ని ఎంతవరకు ప్రశ్నించింది? కొండేపూడి నిర్మల 'లేబర్ రూం' పురిటినొప్పిని కవిత్వ వస్తువు చేసింది. 1993లో వచ్చిన 'నీలిమేఘాలు' సంకలనం స్త్రీ శరీరానుభవం సాహిత్యం కాదన్న వాదనకి గట్టి జవాబిచ్చింది. అయితే నేను చదివినంతలో మన రచన ప్రసవం దగ్గర చూపిన ధైర్యాన్ని ఆ తర్వాతి నలభై రాత్రుల మీద చూపలేదు. అక్కడ హింస పెద్దగా కనిపించదు. ఎక్కిలంత చిన్న చప్పుడు, దాని వెనకే ఒక ప్రశ్న, నిద్రలేని మనిషిలో పేరుకునే అపరాధభావం, అంతే. చిన్నవి కనకనే అవి రాయదగ్గవిగా తోచలేదేమో. మాతృత్వాన్ని పొగిడే భాషని ఎదిరించాం. తల్లిని రోజూ సంజాయిషీ అడిగే ఈ మామూలు భాషని కూడా ఇప్పుడు విమర్శకి పెట్టాలి.