పటం వెలుపలి జెండా: 'అల్‌మాన్యా' చిత్రంపై ఒక విమర్శ

జర్మనీలో ఒక తరగతి గది. ఉపాధ్యాయురాలు పిల్లల స్వస్థలాలను ఐరోపా పటం మీద చిన్న జెండాలతో గుర్తిస్తున్నది. ఆరేళ్ల జెంక్ తనవారి ఊరు అనతోలియాలో ఉన్నదని చెబుతాడు. పటం ఇస్తాంబుల్ దగ్గరే ముగిసిపోయింది. చేసేది లేక ఆమె అతని జెండాను పటం వెలుపల గుచ్చుతుంది. ఆటస్థలంలోనూ అంతే, తుర్కీ పిల్లల జట్టు గాని, జర్మన్ పిల్లల జట్టు గాని అతనిని పిలవదు. మనం తుర్కులమా, జర్మనులమా అని ఆ పసివాడు ఇంటివారిని నిలదీస్తాడు.

2011లో వచ్చిన 'అల్‌మాన్యా' చిత్రానికి ఈ ప్రశ్నే ప్రాణం. తుర్కీ భాషలో ఆ మాటకు జర్మనీ అని అర్థం. దర్శకురాలు యాసెమిన్ షమ్‌దెరెలీ తన సోదరి నెస్రిన్‌తో కలిసి కథ రచించారు. ఆ రచనకు ఆ యేడే జర్మన్ చలనచిత్ర పురస్కారం లభించింది. మన పిల్లలూ ఇదే ప్రశ్న వేస్తున్నారు గనుక ఈ చిత్రం మన ఇళ్లలో చూడదగినది. అయితే అది చెప్పే సమాధానంలో ఒక లోటున్నది.

పశ్చిమ జర్మనీ 1961 అక్టోబరు 30న తుర్కీతో ఒప్పందం చేసుకొని కార్మికులను రప్పించింది. 1964 సెప్టెంబరు 10న కొలోన్ నగరపు డాయిట్జ్ స్టేషనులో, పది లక్షలవ కార్మికుడంటూ పోర్చుగల్‌కు చెందిన అర్మాందో రోద్రిగెస్ ద సాకు పూలతో పాటు ఒక మోపెడ్‌ను బహూకరించారు. చిత్రంలోని తాత హుసెయిన్ ఆయన తరువాతివాడు, అంటే 10,00,001వ వాడు. మేనత్త కూతురు జానాన్ ఆ తాత కథను జెంక్‌కు వినిపిస్తుంది.

భాష విషయంలో ఈ చిత్రం చేసిన పని మెచ్చదగినది. తాత కుటుంబం జర్మనీలో అడుగుపెట్టినప్పుడు జర్మనులు అర్థంలేని ధ్వనులతో మాట్లాడుతారు. కుటుంబం మాటలు మాత్రం ప్రేక్షకులకు స్పష్టంగా జర్మన్‌లో వినిపిస్తాయి. సొంత గడ్డ మీద పరాయితనం ఎట్లుంటుందో జర్మన్ ప్రేక్షకుడికి అనుభవంలోకి వస్తుంది. సమాధి ఘట్టం మరింత లోతైనది. జర్మన్ పాస్‌పోర్టు పొందిన తాత తుర్కీ యాత్రలో మరణిస్తాడు. ఆయన పరదేశీయుడని, విదేశీయుల శ్మశానంలోనే పూడ్చాలని అక్కడి అధికారులంటారు. పుట్టిన నేల కూడా కాగితమే అడిగింది.

ఇక లోటు సంగతి. రెండు దేశాలవారమూ కావచ్చునని, మనిషి తనవారి జ్ఞాపకాలలో జీవిస్తాడని చిత్రం ఊరడిస్తుంది. కుటుంబానికి ఆ మాట చాలును, పౌరసత్వానికి చాలదు. 1973 నవంబరులో కార్మికుల నియామకం ఆగిపోయింది. తిరిగి వెళ్లిపోయేవారికి 10,500 మార్కులిస్తామని 1983లో చట్టం చేశారు. హాస్యపు వేగంలో ఇవి మరుగునపడ్డాయి. మోపెడ్ అందుకొన్న రోద్రిగెస్ జబ్బుపడి, కూడబెట్టినదంతా వైద్యానికి వెచ్చించి, 1979లో స్వదేశంలో మరణించాడు. ఆ మోపెడ్ నేడు బాన్ నగరపు చరిత్ర ప్రదర్శనశాలలో ఉన్నది.

నేను ఈ లోటును పట్టించుకోవడానికి కారణమున్నది. నా పూర్వికులు నేటాల్ చెరకు తోటలకు వెళ్లిన ఒప్పందకూలీలు. మద్రాసు నుండి తొలి ఓడ 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. గడువు తీరినా వెళ్లని వారిపై 1895 చట్టం యేటా 3 పౌండ్ల పన్ను వేసింది. 1927 ఒప్పందం తిరిగి వెళ్లేవారికి తలకు 20 పౌండ్లు ఇవ్వజూపింది. భారతీయులు ఆ దేశపు శాశ్వత ప్రజలని ప్రభుత్వం అంగీకరించినది 1961లో. సమానమైన ఓటు వచ్చినది 1994లో. పన్నును, బహుమానాన్ని ఎరిగిన కుటుంబాలకు జ్ఞాపకాల ఊరడింపు సగం మాటగానే తోస్తుంది.

జర్మనులు ఆ కార్మికులను 'అతిథి కార్మికులు' అన్నారు. మనకు తిథి చూడకుండా వచ్చేవాడు అతిథి. అతనిచేత పని చేయించము. వీరికి వచ్చే తిథీ, పోయే తిథీ కూడా ముందే వ్రాసిపెట్టి పని చేయించుకొన్నారు.

చట్టం ఆలస్యంగానైనా కదిలింది. 2000 జనవరి 1 నుండి, నిర్ణీత కాలం నివసించిన విదేశీయులకు ఇక్కడ పుట్టిన పిల్లలు పుట్టుకతోనే జర్మనులు. 2024 జూన్ 27 నుండి జర్మనీ పాత పౌరసత్వాన్ని వదలమనడం లేదు. 1974 జూన్ 30లోపు వచ్చిన కార్మికులకు వ్రాతపరీక్షలు తప్పించింది. హుసెయిన్ తరానికి ఇది గౌరవమే, కాని ఎందరికో అందని గౌరవం. మనకు మరొక చిక్కున్నది. జర్మనీ వదలమనకపోయినా, 1955 నాటి భారత పౌరసత్వ చట్టం ప్రకారం మరొక దేశపు పౌరుడైనవాడు భారత పౌరుడు కాడు. ప్రవాస భారతీయ కార్డుతో రాకపోకలు సాగించవచ్చును. ఓటు లేదు, సాగుభూమి కొనుగోలుకు అనుమతి లేదు. కనుక మన పిల్లవాడు అదే ప్రశ్న అడిగితే ఒక్క 'రెండూ' అన్న మాటతో సరిపెట్టరాదు. మనసు సంగతి వేరు, చట్టం సంగతి వేరు అని విడమరచి చెప్పాలి.

ఆ తరగతిలో నేనే ఉపాధ్యాయుడినైతే జెండాను వట్టి గోడకు గుచ్చేవాడిని కాను. పటం పక్కన మరొక కాగితం అతికించి, మిగిలిన భూమిని గీయమని పిల్లలకే ఇచ్చేవాడిని. ఈ చిత్రం చూసిన తరువాత మీ ఇంట కూడా ఒక కాగితం తీసి, ఎవరు ఏ యేట, ఏ పత్రంతో ఎక్కడికి వచ్చారో పెద్దలచేత చెప్పించి, పిల్లలచేత తెలుగులో వ్రాయించండి.