చుక్క పెట్టిన మాట

సంక్రాంతి దాటి చేలో మిరప పండబారగానే మా ఇంట్లో రోలు కడుగుతారు. ముచ్చికలు తీసిన పండుకాయలు, ఉప్పు, చింతపండు వేసి కొరివికారం నూరుతుంటే వీధి చివరిదాకా ఘాటు. మిక్సీ ఉన్నా ఆ పనికి రోలే.

దాన్ని తమిళులు ‘ఉరల్’ అంటారు, కన్నడిగులు ‘ఒరళు’. దగ్గరి పోలికే కదా అనుకున్నాను చాలాకాలం. మన ‘లో’ తమిళంలో ‘ఉళ్’, ‘వాడు’ ‘అవన్’, ‘రెండు’ ‘ఇరండు’ అని గమనించాక గాని సంగతి బోధపడలేదు. తెలుగులో ఇలాంటి మాటల మొదటి అచ్చు పక్క హల్లును దాటి అవతలి అచ్చులో కలిసిపోతుంది. ఉ-ర-ల్ అలాగే రోలైంది. ఇన్ని మాటలు ఒకే దారిన నడిచాయంటే అది సూత్రమే. ఆ దారినే వెనక్కి వెళితే ఏ శాసనంలోనూ లేని మూలద్రావిడ రూపం, అంటే ఈ భాషలన్నిటికీ ఉమ్మడిదైన పాత రూపం, చేతికందుతుంది. ఎవరూ చూడని రూపం కనుక దాని ముందు ఒక చుక్క గుర్తు (*) పెడతారు.

సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలానివని విలియం జోన్స్ 1786లో కలకత్తాలో అన్నాక యూరప్ పండితులు చేసిందీ ఇదే. సంస్కృత ‘యుగం’ అంటే కాడి కూడా; లాటిన్ ‘యుగుమ్’, ఇంగ్లీషు ‘యోక్’ దాని తోబుట్టువులు. మన ఎద్దుల మెడమీదిది మాత్రం కాడే. తెలుగుది వేరే కుటుంబమని మద్రాసులో ఎల్లిస్ అనే ఇంగ్లీషు అధికారి 1816లోనే చూపించాడు.

1928లో ఒంగోలులో పుట్టిన భద్రిరాజు కృష్ణమూర్తి గారు ఈ విద్యలో ప్రపంచం ఒప్పుకున్న పెద్ద. ద్రావిడ భాషలన్నిటి మీదా ఆయన రాసిన గ్రంథాన్ని 2003లో కేంబ్రిడ్జి వేసింది. నాకు అంతకన్నా ఇష్టమైనది 1962 నాటి వ్యవసాయ పదకోశం. నాగలి, కల్లం మాటలను రైతుల నోట విని, ఏ ప్రాంతంలో ఏమంటారో అందులో నమోదు చేయించారు. పుస్తకాలకెక్కని మాటలో కూడా పాత రూపం దాగి ఉంటుంది.

‘పత్తి’నే చూడండి. పాత తెలుగులో ‘ప్రత్తి’. తమిళ ‘పరుత్తి’ని పక్కన పెడితే ఆ రేఫ ఎక్కడిదో తెలిసిపోతుంది. మిరప కథ వేరు. పోర్చుగీసు ఓడల వెంట వచ్చిన కొత్తకాయకు మనవాళ్లు ఇంట్లో ఉన్న మిరియం పేరునే మలిచి పెట్టుకున్నారు.

ట్రాక్టర్లు వచ్చాక మేడి, నొగ, కర్రు అంటే ఏవో చూపించగలిగినవాళ్లు మా వీధిలో ముగ్గురే మిగిలారు. మీ ఇంట్లో అలాంటి పెద్దలుంటే ఈ ఆదివారం పక్కన కూర్చుని ఆ పేర్లు రాసుకోండి. వాళ్లు పలికింది పలికినట్టే రాయండి, దిద్దకండి.