మూత్రాశయం కింద ఓ కుట్టు

"రోబోయే కోసేస్తాదంట గదండీ!" విశాఖ మద్దిలపాలెం జంక్షన్లో టీ తాగుతూ ఎవరైనా ఇలా అంటే నవ్వకండి, రోబోటిక్ సర్జరీ అన్న పేరే అలా ఉంది మరి. నిజానికి ఆ యంత్రం తనంతట తాను ఒక్క దారం కూడా లాగదు. ఆపరేషన్ బల్లకు కొన్ని అడుగుల దూరంలో, కన్సోల్లో తల దూర్చి కూర్చున్న డాక్టరుదే ఆ పనంతా. పోర్టు క్రేన్ ఆపరేటరూ అంతే కదా అంటారేమో. క్రేన్ చిన్న కదలికను పెద్దది చేస్తుంది, ఇది పెద్ద కదలికను చిన్నది చేస్తుంది. చేతి వణుకును మధ్యలోనే వడకట్టేస్తుంది.

పనితనమంతా ప్రోస్టేట్ గ్రంథిని తీసేశాక బయటపడుతుంది. కటి ఎముకల ఇరుకులో మూత్రాశయం మెడ పైన, తెగిన మూత్రనాళం కింద. రెంటినీ చుట్టూ కుట్టి కలపాలి. కొసలు ముడేసిన రెండు దారాలు, రెండు సూదులు. గడియారంలో ఆరు అంకె ఉండే చోట మొదలుపెట్టి ఒకటి ఎడమగా, ఒకటి కుడిగా ఎక్కి పన్నెండు దగ్గర కలుస్తాయి. 8 మిల్లీమీటర్ల పనిముట్టు కొసన మణికట్టు ఉంది కాబట్టి, మామూలు లాపరోస్కోపీ కడ్డీ తిరగలేని చోట సూది తిరుగుతుంది. అయితే చాలా యంత్రాల్లో వేళ్లకు స్పర్శ అందదు. దారం ఎంత బిగిసిందో కండ పాలిపోవడం చూసి కంటితోనే పోల్చుకోవాలి. నాకు అన్నిటికన్నా అబ్బురం ఇదే. చివర్లో క్యాథెటర్ గుండా సెలైన్ నింపి కారుతుందేమో చూస్తారు.

ఈ విద్య స్థిరపడటంలో తెలుగువాడి డబ్బూ ఉంది. 2001లో రాజ్ వట్టికూటి డెట్రాయిట్‌లోని హెన్రీ ఫోర్డ్ ఆసుపత్రికి 2 కోట్ల డాలర్లిచ్చారు. అక్కడి వట్టికూటి యూరాలజీ ఇన్‌స్టిట్యూట్‌లో కేరళలో పుట్టిన డాక్టర్ మణి మీనన్ ప్రోస్టేట్ ఆపరేషన్‌కు ఒక పద్ధతి ఏర్పరిచారు.

మరి ఫలితం? ప్రోస్టేట్ తీయడంలో పొట్ట కోసే పద్ధతినీ రోబోనూ పోల్చి 2016లో లాన్సెట్ పత్రికలో వచ్చిన బ్రిస్బేన్ అధ్యయనంలో రోబో వైపు రక్తం బాగా తక్కువ పోయింది. మూత్రం పట్టుకోవడంలో, దాంపత్య సామర్థ్యంలో మాత్రం 12 వారాలకు చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ఒక మెలిక ఉంది: కోసి చేసినాయనకు 1,500కు పైగా ఆపరేషన్ల అనుభవం, రోబో డాక్టరుకు 200 చిల్లర. కాబట్టి ఆ సమానతను యంత్రం ఓటమిగా నేను చదవను. గెలుపూ కాదు. మూత్రాశయ క్యాన్సర్‌పై 2018లో వచ్చిన రేజర్ అధ్యయనంలోనూ రెండేళ్ల పాటు జబ్బు ముదరకుండా ఉన్నవారు రోబోతో 72.3 శాతం, కోతతో 71.6 శాతం. రోబో రోగులు కాస్త ముందు ఇంటికెళ్లారు.

కిడ్నీ గడ్డయితే హడావుడి వేరు. రక్తనాళానికి క్లాంప్ వేసిన క్షణం నుంచి గడియారం చూస్తూ, వీలైతే 25 నిమిషాల్లోపే గడ్డ తీసి కుట్టేయాలి. అదుపు తప్పి నెత్తురు చిమ్మితే క్షణాల్లో రోబో చేతులు విప్పి పక్కకు నెట్టాలి. అందుకే పొట్ట కోసి చేసే పనిముట్ల ట్రే థియేటర్లోనే సిద్ధంగా ఉంటుంది. బల్ల పక్కనున్న అసిస్టెంటు, నర్సు, మత్తు డాక్టరు ఆ విప్పడాన్ని ముందే సాధన చేసి ఉంటారు.