నీరుకట్టును ఫొటో తీసే పద్ధతి

పద్మనాభం అనగానే విశాఖ వాళ్లకు 1794 నాటి యుద్ధం, కొండ మీది అనంత పద్మనాభస్వామి గుర్తొస్తారు. ఆ స్వామికి శేషుడే పానుపు. కొండ దిగి గోస్తనీ పక్క పొలాల్లోకి వెళ్తే పాముకు ఆ మర్యాద దక్కదు. గట్టు మీద కనబడితే చాలు, కర్ర లేస్తుంది. తరచూ బలయ్యేది చేపలూ కప్పలూ తిని బతికే నీరుకట్టు. దానికి మనిషిని చంపే విషం లేదు.

దాని ప్రాణం తీస్తున్నది దాని బెదిరింపే. దారి మూస్తే తల ఎత్తి, మెడ వెడల్పు చేసి బుస కొడుతుంది. దూరం నుంచి చూసినవాళ్లు నాగుపామనే అనుకుంటారు. దగ్గరి ఫొటోలో ఆ అనుమానం తీరిపోతుంది. కంటి కింద నుంచి పెదవికి ఒక నల్ల గీత, కంటి వెనక నుంచి నోటి మూలకు ఇంకొకటి దిగుతాయి. వీపు మీద చదరంగం గళ్లలా మచ్చలుంటాయి. ఒక్కో వీపు పొలుసు నడుమ సన్నని గీటు ఉంటుంది. ముక్కు రంధ్రాలు కాస్త పైకి తిరిగి ఉంటాయి కాబట్టి, ఒళ్లంతా నీళ్లలో ఉంచి ముట్టె మాత్రం బయటపెట్టి ఊపిరి తీసుకోగలదు.

పాముల్ని ఇలా ఆనవాళ్లతో నమోదు చేసే పని విశాఖలో కొత్తది కాదు. ఈస్టిండియా కంపెనీ కొలువులో ఇక్కడ పనిచేసిన ప్యాట్రిక్ రస్సెల్, కోరమాండల్ తీరం పాముల మీద 1796లో పెద్ద గ్రంథం వేశాడు. రంగుల బొమ్మల పక్కన స్థానికులు పిలిచే తెలుగు పేర్లూ అచ్చువేశాడు. అందులో 'నీలి కోయ' పేరుతో ఉన్న బొమ్మ ఆధారంగానే 1799లో జర్మన్ శాస్త్రవేత్త ష్నైడర్ నీరుకట్టుకు శాస్త్రీయ నామం పెట్టాడు. రక్తపింజరికి ఇంగ్లీషులో రస్సెల్ పేరే ఉంది. ఆయన కాలంలో పొట్ట పొలుసులు లెక్కపెట్టాలంటే పాము చేతికి చిక్కాలి. చచ్చిన పామును పాడవకుండా సారాయిలో ఉంచితే రంగు వెలిసిపోయేది. కెమెరా వచ్చాక పాము బతికుండగానే దాని రంగు, నడక, ఉన్న చోటు దొరుకుతున్నాయి.

అయితే ఫొటోకూ క్రమం ఉంది. పొద్దుటి ఎండకు నీరుకట్టు గట్టెక్కుతుంది. మన నీడ దాని మీద పడకూడదు. అడుగులు మెల్లగా వేయాలి, నేల అదురు దానికి తెలుస్తుంది. ఎలుకల కోసం నాగుపామూ అదే గట్టు మీద తిరుగుతుంది కాబట్టి, ఏ పాముకైనా మూడు నాలుగు మీటర్ల దూరం తప్పదు. అందుకు 300 మి.మీ. లెన్స్ కావాలి. గట్టు వాలులో ఒదిగి, లెన్స్‌ను పాము కంటి ఎత్తుకు తేవాలి. ఫోకస్ కంటి మీదే ఉండాలి. ఈదుతుంటే షట్టర్ సెకనులో వెయ్యో వంతుకు తగ్గకూడదు. నీటి మెరుపును పోలరైజర్ ఫిల్టర్ అణుస్తుంది. నిలువెల్లా ఒకటి, తల పక్క నుంచి ఒకటి, వీపు పొలుసులు ఒకటి, చుట్టూ ఉన్న చోటు ఒకటి: ఈ నాలుగూ ఉంటే పామును పోల్చుకోవడం తేలిక. పట్టుకోవడం, కర్రతో కదపడం, నీళ్లలోకి వెళ్లే దారికి అడ్డం నిలబడడం తప్పు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం దాన్ని పట్టినా చంపినా నేరమే.

తేదీ, ఊరు రాసి, జీవుల ఫొటోలు నమోదు చేసే ఐనాచురలిస్ట్ వెబ్‌సైట్‌లో పెడితే ఆ ఫొటో పరిశోధకులకు ఆధారమవుతుంది. అంతకన్నా ముందు అది ఊరికి పనికి రావాలి. 2000 నుంచి 2019 వరకు పాముకాటుతో దేశంలో ఏటా సగటున 58,000 మంది చనిపోయారని 2020లో వెలువడిన అధ్యయనం అంచనా వేసింది. పాము భయం ఉత్తది కాదు. అందుకే ఏది విషసర్పమో, ఏది కాదో మన పొలం ఫొటోలతోనే బడిలో, పంచాయతీ గోడ మీద చూపాలి. ఏ పాము కరిచినా నాటువైద్యం జోలికి పోకుండా ఆసుపత్రికే వెళ్లాలని ఆ ఫొటోల కిందే రాయాలి. ఈ వానాకాలం మీ చెరువు గట్టున నీరుకట్టు కనబడితే దూరంగా నిలబడి ఫొటో తీయండి, మీ ఊళ్లో పదిమందికి చూపండి.