టక్కుమనే పలక

ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో తరాలుగా కాపురముంటున్న తెలుగువాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు: గార్డు పచ్చజెండా ఊపందే అక్కడి 1,072.5 మీటర్ల ప్లాట్‌ఫారం మీంచి బండి కదలదు. షూటింగులో ఆ జెండా పని క్లాప్ బోర్డుది.

ప్రవీణ్ కండ్రేగుల తీసిన ‘సినిమా బండి’ (2021)లో ఆటో డ్రైవరు వీరబాబు, ఫొటోగ్రాఫరు గణపతి దొరికిన కెమెరాతో సినిమా తీయబోయి పడే పాట్లకు నవ్వని తెలుగువాడుండడు. కెమెరా చేతికొస్తే సినిమా వచ్చేసినట్టేనని వాళ్ల ధీమా!

నిజానికి షాటు క్లాప్ కుర్రాడితో మొదలవుతుంది. కెమెరా తిరుగుతుండగా పలకను ఫ్రేములో నిటారుగా పట్టి, సీను, షాటు, టేకు నంబర్లు పైకి చదివి, టక్కున కొట్టి, నీడైనా పడకుండా పక్కకి తప్పుకోవాలి. క్లోజప్పయితే పలక చెక్కల్ని మెల్లగా తాకిస్తాడు. ముక్కు దగ్గర ఫట్టుమంటే నటుడు కంట్లో తెచ్చుకున్న నీళ్లు ఇంకిపోతాయి మరి! మొదట్లో వీలుకాకపోతే షాటు చివర పలకను తలకిందులుగా పట్టి కొడతాడు. మాట రికార్డు చేయని షాటుకి అసలు కొట్టడు.

బొమ్మ కెమెరాలో, మాట వేరే రికార్డరులో ఉంటాయి. చెక్కలు కలిసిన ఫ్రేమును ఆ చప్పుడుతో జతపరిస్తే రెండూ ఒక్కటవుతాయి. సెకనుకు 24 ఫ్రేములు. చెంపదెబ్బ పడ్డ నాలుగైదు ఫ్రేములకు చప్పుడు వినిపిస్తే ఎంత గొప్ప హాస్యమైనా చప్పబడుతుంది. జత కుదిరాక ఎడిటరు ముందుగా కత్తిరించి పారేసేది మాత్రం ఆ క్లాప్ ముక్కనే.